కొంగులో చిల్లు

నిన్న కొత్త పట్టుచీర మడత విప్పగానే గంజి వాసన వచ్చింది. ధర్మవరంలో నాయన మగ్గం గుర్తొచ్చి, కట్టుకోబుద్ధి కాలేదు.

ఎనిమిదో తరగతిలో ఒకరోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాయన నేసిన చీర చుట్టుకొని అద్దంలో చూసుకున్నాను. పిన్నీసు తీస్తుంటే కొంగులో పోగులు తెగి గోరంత చిల్లు పడింది. ఏమీ ఎరగనట్టు మళ్లీ మడతపెట్టేశాను.

బెంగళూరు అంగడివాళ్లు ప్రతి చీరకూ ఇంగ్లీషులో చీటీ అడిగేవారు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకే. మరునాడు నాయన ఆ చీర కోసం కాగితం నా ముందు పెట్టాడు.

"చీర బాగుండాది, యాడా చెడిపోలేదని రాయి పాపా."

డిక్షనరీ తీశాను. ఎక్కడా చెడనిదానికి ‘ఇంటాక్ట్’ అని ఉంది. నాయన అడిగింది అదే. చాలాసేపు దానిమీద వేలు పెట్టుకొని కూర్చుని, చివరికి ‘కంప్లీట్’ అని రాశాను. కొంగూ అంచూ కొలతా పూర్తిగా ఉన్నాయి కదా, అబద్ధం కాదులే అనుకున్నాను. ఎంత తెలివి! నిజమైన మాటను ఏరుకొని మరీ మోసం చేశాను.

వారానికి బెంగళూరు నుంచి చీర తిరిగొచ్చింది. నాయన వెలుతురులోకి తీసుకెళ్లి చిల్లును వేలితో తడిమాడు.

"నువ్వు సరిగ్గానే రాసింటావు పాపా. నా కండ్లే మసకబారినట్లుండాయి."

నేను డిక్షనరీని పుస్తకాల సంచి అడుక్కి తోసేశాను.

ఆ నెలలోనే కళ్లజోడు కొనుక్కున్నాడు. అది పెట్టుకొని మొట్టమొదట నా ముఖమే చూడబోయాడు. నేను తల తిప్పేసుకున్నాను.