తరులత మైతి పెరటి చెరువు

రూపనారాయణ నది ఒడ్డున ఉన్న శ్యాంచక్‌లో పెరట్లో చెరువు లేని ఇల్లు లేదు. అయితే తరులత మైతి చెరువు లాంటిది మాత్రం చుట్టుపక్కల ఏడు ఊళ్ళల్లో లేదు. ఆవిడ చదివింది ఊరి బడిలో నాలుగో తరగతే. బ్లాకు పోటీలో మూడుసార్లు మొదటి బహుమతి, పదకొండు కిలోల బొచ్చె చేప, వరదొచ్చిన ఏడాది కూడా కుళ్ళని నీళ్ళు, ఇవన్నీ ఆవిడ ఖాతాలోవే. నలభై ఆరేళ్ళుగా ఆ ఇంటి పెళ్ళిళ్ళకు బజారు చేప కొన్నది లేదు.

ఆ నీళ్ళకు మోచెయ్యే ఆవిడ కొలబద్ద. చెయ్యి మోచేతి దాకా ముంచితే అరచెయ్యి కనిపించకూడదు, అప్పుడు నీళ్ళల్లో చేపకు తిండి ఉన్నట్టు. కనిపిస్తే కాస్త ఆవచెక్క, అదే నూనె తీసిన ఆవాల పిప్పి, నానబెట్టి చల్లేది. గట్టు మీదికి వంగిన వెదురు కొమ్మల్ని ఏటా కొట్టించేది, ఆకు రాలి అడుగున కుళ్ళకుండా. గుర్రపుడెక్క ఒక్క మొక్క తేలినా చీర ఎగ్గట్టి దిగిపోయేది.

ఆ శ్రావణంలో మనవడు సుబిమల్ పెళ్ళి. పసుపు రోజున పెళ్ళికూతురి ఇంటికి పంపడానికి అయిదేళ్ళుగా ఒక శీలావతి చేపను పెంచుతోంది. దానికి చీర కట్టి, ముక్కుపుడక పెట్టి పంపాలి, అది అక్కడి ఆచారం.

పసుపుకు ముందురోజు, తెల్లవారుతూనే తరులత రేవు మెట్ల దగ్గరికి వెళ్ళింది. చెరువు నిండా చేపలు పైకి తేలి, నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. నిన్నంతా మబ్బు. నీళ్ళు కుళ్ళిన పిండి వాసన కొడుతున్నాయి.

"నిబారణ్!" అని కేకేసింది.

మరిది నిబారణ్ పంచె సర్దుకుంటూ వచ్చాడు. హల్దియాలో మిఠాయి దుకాణం అతనిది. వారం ముందే పెళ్ళికి దిగాడు.

"నేనే వదినా... నిన్న సాయంత్రం ఓ బస్తా ఆవచెక్క బస్తాతోనే పడేశాను. రెండు తట్టల పేడ కూడా. పెళ్ళికి చేపలు కాస్త ఒళ్ళు చేస్తాయని..."

"ఒళ్ళు చేసింది నువ్వు! ఒక్క రాత్రిలో చేపను లావు చేద్దామనుకున్నావా, రసగుల్లాలా పాకంలో నానబెట్టి?"

"పోనీ, ఇప్పుడే వల వేసి ఆ ఒక్కదాన్ని మంచులో పెడదాం."

"ఊపిరాడక చచ్చిన చేపను పిల్ల ఇంటికి పంపుతావా? మిగతావాటికి ఎవరు ఊపిరి పోస్తారు?"

రాత్రి వానకు కరెంటు పోయింది, నీళ్ళు చిమ్మి గాలి కలిపే మోటారు తిరగదు. తరులత చుట్టూ చూసింది. వరండాలో, పందిట్లో, వంటపాక దగ్గర నలభైమంది చుట్టాలు పళ్ళు తోముకుంటున్నారు.

"ఈత వచ్చినవాళ్ళంతా చెరువులో దిగండర్రా! నీళ్ళు కొట్టండి, గిలకొట్టండి, తిరగేయండి! సబ్బు పట్టుకున్నవాడి చెయ్యి విరగ్గొడతాను!"

ముందు మేనత్తలు దూకారు. వెనకే బావలు, మరదళ్ళు. కొందరు వెదురు గడలతో నీళ్ళు బాదారు. కోడళ్ళు బిందెలతో తోడి పైనుంచి ధారగా పోశారు. ఈత రాని కలకత్తా పెద్దమ్మ మెట్టు మీద కూర్చుని కాళ్ళు ఆడించింది.

"అక్కయ్యా, నువ్వు ఇంకాస్త గట్టిగా ఆడిస్తే నది దాకా అల వెళ్తుంది!" అన్నాడు నీళ్ళల్లోంచి ఆవిడకు వరసకు తమ్ముడొకడు.

"నోర్మూసుకుని ఈదు, సన్నాసీ!"

పెళ్ళికొడుకు గట్టు మీద నిలబడి నవ్వుతుంటే తరులత చెవి పట్టుకుంది. "నీ పెళ్ళి చేపేరా అది. దూకు!"

నిబారణ్ వంతు వేరే. అడుగున సగం కరగకుండా మిగిలిన బస్తాను మునిగి పైకి తేవాలి. మూడుసార్లు మునిగాడు. మూడోసారి బస్తాతో పాటు నెత్తి మీద నాచుతో లేచాడు. పెళ్ళి వాయిద్యాలవాళ్ళు అప్పుడే దిగారేమో, అతన్ని చూసి సన్నాయి ఎత్తారు. చెరువంతా ఘొల్లున నవ్వింది.

తొమ్మిదింటికి మబ్బు విడి ఎండ పడింది. ఒక్కొక్క నోరే మూసుకుని చేపలు కిందికి జారాయి. రెండు బొచ్చెలు మాత్రం పోయాయి. తరులత మధ్యాహ్నం దాకా మెట్టు మీంచి కదల్లేదు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంది.

మర్నాడు పొద్దున వల లాగితే ఆరు కిలోల శీలావతి ఎగిరి నిబారణ్ చెంప మీద తోకతో కొట్టింది. ఎర్రంచు చీర, ముక్కుపుడక, నోట్లో తమలపాకు పెట్టి పళ్ళెంలో సాగనంపారు.

పళ్ళెంతో వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చిన నిబారణ్ నేరుగా వదిన దగ్గరికి వచ్చాడు.

"పిల్ల నాయనమ్మ ఉందే, చేపలమ్మిన చెయ్యట ఆవిడది. చీర అందం చూడనే లేదు. మొప్ప ఎత్తి వాసన చూసింది. 'బురద కంపు లేదు, ఈ చెరువు ఎవరు చూస్తారయ్యా?' అంది."

"నువ్వేమన్నావు?"

"నేను పాడుచేస్తాను, మా వదిన బాగుచేస్తుంది అన్నాను."

తరులత పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

"ఆవిడ ఏమంది, మళ్ళీ చెప్పు. మొప్ప ఎత్తి..?"