నీటిగొట్టంలో తీగ

ఫెజ్ పాత నగరంలో మా సందు ఇళ్లకు గోడలు మూరెడు మందం. అక్కడ నెట్‌వర్క్ పనులు చేసే తురియాను మొదట్లో ఎవరూ నమ్మలేదు. తలుపు తీసి, మీ అన్నను పంపమన్నవాళ్లే ఎక్కువ. ఆమె సంచి దించి పని మొదలుపెట్టేది.

మేమంతా మర్యాదగా సీదీ అని పిలిచే ఎదురింటి ముఫద్దల్ ఒకసారి ఆమెను పిలిపించాడు. డెబ్బై ఎనిమిదేళ్ల ఆ పెద్దాయన తరతరాలుగా వస్తున్న అందలూసీ సంప్రదాయ పాటలు నేర్పే గురువు. శిష్యులు వేర్వేరు ఊళ్ల నుంచి కంప్యూటర్‌లో పాఠం వింటారు. పాట తెగిపోతోందని, గొంతు వణుకుతున్నట్టుందని వాళ్లంటే ఆయన మూడు రూటర్లు మార్చాడు. చివరిది సరికొత్త వైఫై సిక్స్.

రూటర్ వీధి తలుపు దగ్గరుంది. పాఠం చెప్పే గది రెండు గోడల అవతల. తురియా అంతా తిరిగి చూసింది.

"పెట్టె మంచిదే, సీదీ. ఐదు గిగాహెర్ట్జ్ సిగ్నల్ జోరుగా పోతుంది గానీ ఈ గోడ దగ్గరే చతికిలబడుతుంది. రెండు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్‌ది కాస్త గోడ దాటుతుంది, కానీ సందులో అందరి వైఫైలూ దాని మీదే పడి తోసుకుంటున్నాయి."

"ఇంకో పెట్టె కొనమంటావా?"

"వద్దు. ఈథర్‌నెట్ తీగ లాగుదాం. వంద మీటర్ల దాకా ఢోకా లేదు."

తన తాత గోడలకు పొదిగించిన రంగు పలకల మీద మేకు దిగడానికి వీల్లేదన్నాడాయన. రెండు రోజులు ఆలోచించాక ఆమెకు గోడల్లోంచి ఆ గదిదాకా పోయే, ఎప్పుడో ఎండిపోయిన మట్టి నీటిగొట్టం కనిపించింది. ముందు గట్టి దారం దూర్చి, దానికి కట్టి తీగను ఇవతలికి లాగింది.

ఆ సాయంత్రం పాట ఒక్కసారీ తెగలేదు. వణుకు మాత్రం అలాగే ఉందని ఒక శిష్యుడు మెల్లగా చెప్పాడు. తురియా తీగ కొస మళ్లీ విప్పబోతే ముఫద్దల్ ఆపాడు.

"వెతకకు బిడ్డా. వణుకు తీగది కాదు, నాది. ఇన్నాళ్లూ వైఫై మీదికి నెట్టేశాను."

తరువాత ఉజ్దా ఊళ్లో ఉన్న ఘీతా అనే శిష్యురాలిని పాడమని, మోకాలి మీద తాళం వేస్తూ తప్పిన చోటల్లా ఆపాడు. ఆ రోజు నుంచి ఆయన పాడటం మానేశాడు, నేర్పడం మానలేదు.

ఆ తీగ లాగి ఆయన దగ్గర్నుంచి పాటనే లాక్కున్నట్టు చాలా రోజులు బాధపడ్డానని తురియా నాతో అంది. రెండేళ్లకు ఘీతా పెద్ద సభలో కాగితం చూడకుండా గంటసేపు పాడింది. ముఫద్దల్ ముందు వరుసలో కూర్చుని విన్నాడు. అందరూ మెచ్చుకుంటుంటే, ఆమెను పక్కకు పిలిచి రెండు తప్పులు చెప్పాడు.