కమలమ్మ పురి

పేటలో పురి కట్టిన మొదటి మనిషి కమలమ్మ. గడ్డితో లావుపాటి తాడు పేని, దాన్ని గుండ్రంగా చుట్టుకుంటూ, లోపల ధాన్యం పోసుకుంటూ పైకి లేపేదే పురి. పిట్టలవానిపాలెం అవతల ఆ ఊళ్ళో పురులకేం తక్కువ లేదు. కాకపోతే అన్నీ రైతుల వాకిళ్ళలోనే ఉండేవి. చర్చి చుట్టూ ఉన్న పేటవాళ్ళు వాటికి తాళ్ళు పేనేవాళ్ళు, ధాన్యం మోసేవాళ్ళు, చివర్న చీపురు పట్టి రాలిన గింజలు ఊడ్చేవాళ్ళు. మన వాకిట్లో కూడా ఒకటి ఉంటే బాగుండునని వాళ్ళలో ఎవరికైనా తోచిందేమో తెలియదు, పైకి మాత్రం ఎవరూ అనలేదు. కమలమ్మ అంది. అని ఊరుకోలేదు కూడా.

ఆమె పంతానికి కారణం నాగు. ఆషాఢం వచ్చేసరికి కూలి గింజలు నిండుకునేవి. పెద్దరైతు హనుమయ్య దగ్గర బస్తా తెచ్చుకుంటే కోతలయ్యాక బస్తాన్నర కొలవాలి. అదీ నాగంటే. కమలమ్మ తల్లి కొలిచింది, అత్త కొలిచింది, కాపురానికొచ్చినప్పట్నుంచీ తనూ కొలుస్తూనే ఉంది. హనుమయ్య చెడ్డవాడని అనకూడదు. కొలతలో మోసం చెయ్యడు, గుమ్మంలోకొచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపడు. కాకపోతే, "ఏమే కమలా, అప్పుడే అయిపోయినియ్యా?" అని నలుగురిలో అడిగేవాడు. బస్తా నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చే దారంతా ఆమెకు బస్తా బరువు తెలిసేది కాదు, ఆ మాటే తెలిసేది.

ఎనభై తొమ్మిదిలో ఆ హనుమయ్య పొలమే రెండెకరాలు కౌలుకు తీసుకుని, బాపట్ల వ్యవసాయ కాలేజీ వాళ్ళు తీసిన సాంబమసూరి వేశారు. పంట విరగపండింది. ఊరందరికీ విరగపండింది, అదే వచ్చిన చిక్కు. ధర నేలకు దిగింది. రేపల్లె మిల్లుకు ధాన్యం కుదిర్చే బ్రహ్మయ్య కల్లాల వెంట తిరుగుతూ కమలమ్మ కల్లం దగ్గరా ఆగాడు.

"కౌలు పోను మిగిలింది నాకు తోలెయ్యి సుందరయ్యా. రేపటికి ఈ ధర కూడా ఉండదు," అన్నాడు.

సుందరయ్య కమలమ్మ మొగుడు. మంచివాడు, ఎవరేమన్నా నిజమేననుకుంటాడు. అప్పటికే తలూపాడు.

"మేం అమ్మటం లేదండి," అంది కమలమ్మ.

ఆమె లెక్క ఆమెకుంది. జనం పుష్యంలో, గింజ చవగ్గా ఉన్నప్పుడు గింజ అమ్ముతారు. ఎండల్లో మేత లేక గొడ్డు ధర పడిపోయినప్పుడు గొడ్డును అమ్ముతారు. రెండు సార్లూ నష్టమే, రెండు సార్లూ దేవుడి మీద నెపమే. ఇప్పుడు ప్రతి ఇంటా కొత్త గడ్డి ఉంది కాబట్టి గేదెకు మంచి ధర. చేతి ఖర్చుకు గేదెను అమ్మి, గింజను శ్రావణం దాకా ఆపాలి. మాట బాగానే ఉంది. కానీ ఇంట్లో ఉన్నది ఒకటే పాడిగేదె. కూతురు రూతు ఆ రోజు తల్లితో మాట్లాడలేదు. కమలమ్మ కూడా గేదెను కడుగుతూ ఏడ్చింది. ఏడ్చిందని మనసు మార్చుకోలేదు.

తెనాలి అవతల పశువుల సంతకు మొగుడూ పెళ్ళాలు గేదెను తోలుకెళ్ళారు. సంతలో బేరం నోటితో జరగదు. దళారి తువ్వాలు కప్పి, దాని కింద అమ్మేవాడి వేళ్ళు పట్టుకుంటాడు. పట్టుకున్న వేళ్ళను బట్టి ధర. పక్కనున్నవాడికి అంతు చిక్కదు. సుందరయ్య చెయ్యి ఎవరు పట్టుకున్నా ఒప్పేసుకునే చెయ్యి. అందుకని కమలమ్మ ముందుకొచ్చింది.

"బేరం నాతో చెయ్యన్నా."

దళారి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఆడమనిషి చెయ్యెట్టా పట్టుకునేదమ్మా? మీ ఆయన్ని రమ్మను."

"పట్టుకోవద్దులే. నోటితో చెప్పు."

అతను ఇబ్బంది పడుతూ గొణిగాడు. కమలమ్మ ఆ ధరనే సంత అంతా వినేలా చెప్పి, "అయితే ఈ గేదెకు అంతేనంటావు," అంది. వెనక నుంచి ఇంకొకడు, "అంతేంటి, దాని మీద నేనిస్తా," అన్నాడు. అతని మీద మరొకడు. తువ్వాలు కింద ముగిసిపోవాల్సిన బేరం పట్టపగలు వేలంపాటైంది. దళారి తల పట్టుకున్నాడు. తిరుగు దారిలో సుందరయ్య తనలో తను నవ్వుకుంటూనే ఉన్నాడు.

ఇక పురి. పన్నెండేళ్ళ కిందటి ఉప్పెనలో నీళ్ళు ఎంత దాకా వచ్చాయో కమలమ్మ మరిచిపోలేదు. పురి కింద మోకాలెత్తు మట్టి దిమ్మ చాలని సుందరయ్య అంటే, మొలెత్తు కావాలంది. చెరువు మట్టి తనే మోసింది. పక్కింటి రాహేలు, "పురికి మేడ కడతన్నావేంటి వదినా?" అని ఆటపట్టించింది. "అద్దెకిస్తాలే, వచ్చి ఉండు," అంది కమలమ్మ. పైన గడ్డి కప్పి, సూర్యలంక బెస్తవాళ్ళ దగ్గర పాత వల తెచ్చి కప్పు మీద పరిచి, నాలుగు వైపులా గుంజలకు బిగించి కట్టింది. రైతుల పురులకు వల కట్టడం ఎవరూ చూసి ఎరగరు. చూసి నవ్వారు.

చైత్రంలో ధర కాస్త లేచింది. బ్రహ్మయ్య మళ్ళీ వచ్చి, ఇంతకంటే పెరగదన్నాడు. పేటలో సగం మంది ఇచ్చెయ్యమన్నారు. సుందరయ్య అన్నం సరిగా తినడం మానేశాడు. హనుమయ్య మాత్రం తన పురులు విప్పలేదని కమలమ్మ గమనించింది. ఆయన ఆగగలిగితే తనెందుకు ఆగకూడదు?

మే నెలలో తుపాను వచ్చింది. పేటంతా చర్చిలో తలదాచుకుంది. గాలి హోరుకు పాటలు కూడా వినపడలేదు. కమలమ్మ ప్రార్థన చేసింది. మనుషుల గురించి చేసిందో పురి గురించి చేసిందో ఆమెను అడక్కూడదు. తెల్లారి మోకాలిలోతు నీళ్ళలో ఇంటికి నడిచారు. ఇంటి కప్పు లేదు. పురి ఉంది. ఒక పక్కకు ఒరిగింది, వల చిరిగింది, కానీ నీళ్ళు దిమ్మెక్కలేదు. సుందరయ్య పురిని రెండు చేతులతో వాటేసుకుని నిలబడ్డాడు. ఆ పెళ్ళాం మొగుణ్ణన్న గర్వంతో ఆ పొద్దున అతని వంగిన నడుము కూడా నిటారైంది.

ఊళ్ళో నేలబారు పురులన్నీ తడిశాయి. వారానికల్లా హనుమయ్య పురుల అడుగున మొలకలొచ్చి, గింజ ముక్కిన వాసన వేసింది. ఎండు గింజ బంగారమైంది. బ్రహ్మయ్య కమలమ్మ ఊహించని ధర చెప్పాడు. ఈసారి "కమలమ్మగారూ" అన్నాడు. ఆమె సగం అమ్మింది. మేత కుళ్ళి గేదెల ధర పడిపోయి ఉంది. రెండో ఈత గేదెను దూడతో సహా కొనుక్కొచ్చింది. మిగతా సగం ఉంచింది. నారుమళ్ళ వేళకు ఊరికి విత్తనం కావాలని ఆమెకు తెలుసు.

హనుమయ్య తనే వచ్చాడు. ఎప్పుడూ కబురు పంపే మనిషి, బురదలో నడిచి పేటలోకి వచ్చి, ఆమె వాకిట్లో నిలబడ్డాడు.

"విత్తనాల కోసం వచ్చాను కమలమ్మా," అన్నాడు.

ఆమె మంచం వాల్చి కూర్చోమంది. "ఎన్ని బస్తాలు కావాలండి?"

"పది ఉంటే గట్టెక్కుతాను. ధర చెప్పు."

"అమ్మటం లేదండి. నాగుకిస్తాను. బస్తాకి బస్తాన్నర."

హనుమయ్య ఆమె వంక చూశాడు, పురి వంక చూశాడు. "ఊరి లెక్క అంతేగా," అన్నాడు మెల్లగా.

కోతలయ్యాక హనుమయ్య బండి పేటకొచ్చింది. పైన అయిదు బస్తాలు ఆమె వదిలేస్తుందని సుందరయ్య ఆశ, వదిలితే పెద్దమనసని ఊరంతా చెప్పుకుంటుంది. ఆమె వదల్లేదు. పదిహేను బస్తాలూ దగ్గరుండి దింపించుకుంది.

బండి వెళ్ళాక సుందరయ్య ఉండబట్టలేక అడిగాడు. "ఎన్నేళ్ళు మనకి పెట్టిన చెయ్యి. వదిలెయ్యకపోయావా?"

"వదిలేస్తే అది దానం అయ్యేది," అంది కమలమ్మ. "ఆయనొచ్చింది దానానికి కాదు. రైతు దగ్గరికి రైతొచ్చాడు."