క్యూలో ఒక మనిషి చోటు

ఖాళీగా కనిపించే చోటు నిజంగా ఖాళీయేనని మీరెప్పుడైనా నిరూపించి చూశారా? నమ్మడం వేరు, నిరూపించడం వేరు. కాలేజీ వక్తృత్వ పోటీల్లో ఎదుటి పక్షాన్ని ఇలాంటి ప్రశ్నలతోనే ఇరుకున పెట్టి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి నేను. ఇప్పుడు అదే ప్రశ్న నా ఎదుట వచ్చి నిలబడితే ముఖం తిప్పుకోవడం న్యాయం కాదు కనుక, చాలా ఏళ్ళుగా ఎవరికీ చెప్పని ఒక సంగతి ఇక్కడ చెబుతున్నాను.

మనం డిగ్రీ చదివే రోజుల్లో గొంతులు బొంగురుపోయేలా అరిచి చూసిన సినిమాలను ఇప్పుడు బొమ్మ మెరుగుపరిచి మళ్ళీ విడుదల చేస్తున్నారు గదా. పోయిన నెల అలాగే మా హీరో పాత సినిమా ఒకటి చీపురుపల్లి వైపున్న మా పాత హాల్లో అభిమానుల ఆటగా వేస్తున్నారని తెలిసి, విజయనగరంలో పొద్దున్నే పాసింజరు ఎక్కి వెళ్ళాను. హాలుకు కొత్త రంగు, లోపల కొత్త కుర్చీలు, టికెట్లు ఫోన్లలో. మారనట్టు కనిపించింది ఒక్కటే, ఫోను చూపించి లోపలికి పోవడానికి నిలబడవలసిన ఆ క్యూ సొరంగం. దాని మలుపు దగ్గరికి రాగానే నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. ముందున్నవాడికీ నాకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడ్డానన్న సంగతి, వెనుకనుంచి ఒక కాలేజీ కుర్రాడు భుజం తట్టేదాకా నాకే తెలియలేదు.

"అన్నా, ముందంతా ఖాళీ ఉన్నాది. జరగవేటి?"

ఆ అబ్బాయికి నేను చెప్పవలసింది ఒక్క మాటలో అయ్యేది కాదు.

ఆ రోజుల సొరంగం ఎలా ఉండేదో మన తరంవాళ్ళకు వర్ణించనక్కర్లేదు. ఇరువైపులా భుజాల ఎత్తు గోడలు, గోడల మీంచి పైకప్పు రేకుల దాకా ఇనుప ఊసలు, ఒక మనిషి పట్టే వెడల్పు, నడుమ ఒక మలుపు. ఊసలకు బయటివైపు పాత పోస్టర్లు పొరలు పొరలుగా అంటించి ఉండటంవల్ల, అవి చిరిగినచోట మాత్రమే, ఏ హీరో కంటిలోంచో ఏ కథానాయిక నుదుటిలోంచో పగటి వెలుతురు సన్నగా లోపలికి దూరేది. మలుపులో పక్కకు ఒక చిన్న ఇనుప తలుపు, దానికి తుప్పుపట్టిన తాళం, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఎన్నో ఏళ్ళ భుజాల రాపిడికి గోడలు నున్నబడి, నల్లబడి, చలికాలంలో సైతం ముట్టుకుంటే చెమర్చినట్టుండేవి.

మేము పలక పట్టే వయసులో ఆ సొరంగంలో ఒక సంగతి జరిగింది. ఒక అభిమానుల ఆటకు జనం విరగబడి వచ్చారు. చుట్టుపక్కల పల్లెనుంచి వచ్చిన కుర్రాడొకడు ఆ మలుపులో ఊపిరాడక ప్రాణం విడిచాడు. కానీ పడిపోవడానికి చోటేదీ? ముందువాళ్ళ వీపులకూ వెనుకవాళ్ళ రొమ్ములకూ నడుమ నిలువునా ఇరుక్కుని, అతను వరుసతోపాటే కదిలి కౌంటరు కిటికీదాకా వచ్చాడు. కిటికీలోని ఆయన తల ఎత్తకుండా ఎన్ని టికెట్లని అడిగి, జవాబు రాకపోయేసరికి చిరాకుపడి కసిరాడట. ఆ తరువాతే తల ఎత్తి చూశాడట.

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు మా బావ, మేనమామ కొడుకు. ఒక్కటే ఈడువాళ్ళం కనుక ఇద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. "ఆడు సచ్చిపోయి నడిసినాడు బావా" అన్నాడు గొంతు తగ్గించి, మిట్టమధ్యాహ్నం కాలేజీ గోడమీద కూర్చుని.

అప్పటినుంచి ఆ హాల్లో ఒక ఆచారం పుట్టింది. ప్రతి అభిమానుల ఆటకూ, వరుస లోపలికి కదులుతూ ఉండగా, ఊరంతా గేటు మావ అని పిలిచే గేటు కాపలాదారు ఒకసారి చెయ్యి అడ్డం పెట్టి, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు తప్పుకునేవాడు. కాసేపాగి ఆ వెనుకవాణ్ణి పంపుతూ, "ఆడి సోటు ఆడికి ఒగ్గీ. ఊసలు మాత్రం ఒగ్గీకు" అనేవాడు, చోటు వదులు, ఊసలు వదలకు అని. ఆ వెనుకవాడు రెండు చేతులతో అటూ ఇటూ ఊసలు పట్టుకుని, వెనుకనుంచి వచ్చే తోపుడంతా తన మీద ఆపుకుంటూ, ముందున్న ఆ ఒక మనిషి చోటును కాపాడుకుంటూ నడవాలి. అలా ఆ ఖాళీ వరుసలో అడుగులో అడుగు వేసుకుంటూ మలుపు తిరిగి, కిటికీదాకా వచ్చేది. అది వచ్చినప్పుడు కిటికీలోని ఆయన, అదే మనిషి, తల ఎత్తి ఎవరూ లేని చోటులోకి చూస్తూ "ఎన్ని?" అని అడిగేవాడు. జవాబుకోసం ఆగేవాడు. వరుసలో ఒక్కరూ నవ్వేవారు కారు. తరువాత మాత్రమే అసలు మనిషి వంతు.

ఇంత పిడివాదం చేసే నేను దీన్ని ఊరికే వదిలిపెట్టానా? మార్గశిరపు మంచులో ఒక తెల్లవారుజాము ఆటకోసం నిలబడినప్పుడు బావను నిలదీశాను. లేని మనిషికి హక్కు ఎలా ఉంటుంది, హక్కు లేనివాడికోసం ఉన్నవాళ్ళు ఎందుకు ఆలస్యం కావాలి అని. బావ సభాపతికంటే శాంతంగా విన్నాడు.

"నువ్వేమో నేడంతన్నావు, నానేమో ఉన్నాడంతన్నాను. మద్దిన ఆడు ఇంటన్నాడు. గట్టిగా అనకు బావా."

మాతో వచ్చిన మూడో స్నేహితుడు, పాస్టరుగారి అబ్బాయి, నవ్వబోయి దగ్గాడు. బక్కపలచటివాడు, ఉబ్బసం, జేబులో ఎప్పుడూ పీల్చే మందు. ఇంట్లో పాటల సాధనకని చెప్పి వచ్చాడు. "మీ నాన్నకి తెలిస్తే ఆదివారం పెసంగం నీ మీదేరా" అని బావ ఏడిపిస్తుంటే, తెలిస్తే తాను దేవుడికంటే ముందు అమ్మకు జవాబు చెప్పుకోవాలన్నాడు. గరివిడి వైపునుంచి ఫ్యాక్టరీ సైరను మంచులో మునిగి వినిపించింది. గేటు తెరిచారు.

పాస్టరుగారి అబ్బాయి లోపలికి వెళ్ళగానే గేటు మావ చెయ్యి అడ్డం పెట్టాడు. పక్కకు తప్పుకున్నాడు. మంచు తప్ప ఆ దారిలో ఏమీ కదలలేదు. తరువాత బావ, బావ వెనుక నేను. ఊసలు పట్టుకునే వంతు ఆ రోజు మా బావకు వచ్చింది. వెనక్కి తిరిగి నాకేసి గర్వంగా కన్నుగీటాడు గానీ, ఊసలమీద పడిన అతని వేళ్ళు అప్పటికే తెల్లగా బిగుసుకుని ఉన్నాయి.

మేము మలుపు దగ్గరికి వచ్చేసరికి బయట అభిమానుల డప్పులు గోడ అవతలి మాటల్లా అయిపోయాయి. చలికి అందరి నోళ్ళలోంచి ఆవిరి లేస్తోంది. బావ భుజంమీంచి ముందుకు చూస్తున్నాను. పాస్టరుగారి అబ్బాయి తలమీంచి ఆవిరి, బావ ముఖం ముందు ఆవిరి, ఆ రెండింటి నడుమ, ఎవరూ లేనిచోట, అంతే ఎత్తున, మరొకటి. లేచి, చెదిరి, మళ్ళీ లేస్తోంది. మలుపులో గాలి సుడి తిరుగుతుందని నాకు నేనే కారణం చెప్పుకున్నాను. మంచి కారణమే. ఇప్పటికీ అదే చెబుతాను. కానీ ఆ సుడి ఊపిరి వేగంతో ఎందుకు తిరిగిందో మాత్రం చెప్పలేను.

అప్పుడే బయట లారీలు ఆగాయి. దూరపు ఊళ్ళనుంచి జెండాలతో వచ్చిన అభిమానులకు మా ఆచారం తెలియదు. వాళ్ళు గేటు మావను తోసుకుని లోపలికి వచ్చారు. ఆ తోపుడు ఒక్కొక్క వీపూ దాటుకుంటూ వచ్చి నా వెన్నుకు తగిలింది. పోస్టరు చిరుగుల్లోంచి ముందు ఖాళీ చూసినవాళ్ళు అరవడం మొదలుపెట్టారు.

"సోటున్నాది కదేటి, కదలరేటెహె!"

"సోటు నేదు!" అని బావ అరిచాడు. "మనిసున్నాడు!"

పెద్దగా నవ్వులు. అంతలో వాళ్ళలో ఎర్ర చొక్కా మనిషి ఒకడు మా భుజాలమీద మోకాళ్ళు వేసి, రేకులకింద పాకుకుంటూ వచ్చి, బావ తలమీంచి ఆ ఖాళీలోకి దూకాడు. వెనుకనుంచి ఒక్క ఊపు. బావ చేతులు ఊసలమీంచి జారిపోయాయి. నా కాళ్ళు నేలను వదిలేశాయి. వేదికలమీద ధారాళంగా మాట్లాడిన నాకు ఒక్క మాటకు సరిపడా గాలి లేదు. పోస్టరు చిరుగులోంచి పడే వెలుతురులో పాస్టరుగారి అబ్బాయి చెంప గోడకు నొక్కుకుని ఉండటం, వాడి నోరు చేపనోరులా తెరుచుకుని మూసుకోవడం, ఆ తరువాత తెరుచుకునే ఉండిపోవడం చూశాను. జేబులోని మందుకోసం చెయ్యి లేపే చోటు కూడా వాడికి లేదు. వరుస వాణ్ణి అలాగే నిలువునా మోసుకుపోయి కిటికీ ముందు పెట్టింది.

"ఎన్ని?" అని వినిపించింది.

జవాబు లేదు.

ఆ నిశ్శబ్దం ముందునుంచి వెనక్కి పాకింది. మా వైపువాళ్ళందరికీ అది తెలిసిన నిశ్శబ్దమే. కానీ అది ఖాళీ చోటునుంచి రావలసింది, మనిషి ఉన్న చోటునుంచి కాదు.

"ఎన్ని?"

రెండోసారి జవాబు రాలేదు. కిటికీలో ఆయన రెక్క దభాలున దించేసి, "మావా, తలుపు! పక్క తలుపు!" అని కేకపెట్టాడు. ఆ కేకతో, ఎవరూ చెప్పకుండానే, సొరంగంలోని మావాళ్ళంతా ఒక్కసారిగా ఊసలు అందుకుని వెనక్కి వాలారు. బావ గొంతు అందరికంటే పైన వినిపించింది. "ఎనక్కి! ఎనక్కెల్లండ్రా, గుంటడు సచ్చిపోతన్నాడు!" బయట గేటు మావ తాళాన్ని రాయితో కొడుతున్న చప్పుడు, ఆ తరువాత తలుపు విడిపోయిన చప్పుడు, దానివెంట మంచు, మంచులోకి మేము.

పాస్టరుగారి అబ్బాయిని సైకిల్ స్టాండు దగ్గర పడుకోబెట్టి, బావ వాడి జేబులోంచి మందు తీసి నోటికి పెట్టాడు. పెదవులు నేరేడు రంగులో ఉన్నాయి. వాడి రొమ్ము ఒకసారి లేచింది. చాలాసేపు ఆగి మరొకసారి లేచింది. కళ్ళు తెరిచి, మా ఇద్దరినీ కాదని ఇంకెవరికోసమో చూశాడు.

"నా ఎనకాలోడు ఏడీ?"

తల పట్టుకుని కూర్చున్న ఎర్ర చొక్కా మనిషిని చూపించాం. తల అడ్డంగా ఊపాడు. ఈయన కాదు, వెనుకనున్నవాడు తనకు తగలకుండా రెండు పక్కలా ఊసలు పట్టుకుని నిలబడ్డాడు, వాడి చేతులు చల్లగా ఉన్నాయి అన్నాడు. అప్పుడు ఎర్ర చొక్కా మనిషి తల ఎత్తకుండానే అన్న మాట నేను ఎన్నో రాత్రులు నాకు నేను విడమరిచి చెప్పుకోబోయి ఓడిపోయాను.

"నాను కిందకి దిగనేదు బాబూ. అక్కడ ఎవుడో ఉన్నాడు. ఆడి భుజాలమీదే ఉండిపోనాను."

బావ భుజాలేమో అన్నాను. బావ అరచేతులు చాపి చూపించాడు. ఊసలు కోసిన గీతలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. తన ముందు ఎవరు నిలబడ్డారో నాకంటే బాగా తెలిసినవాడు అతనే. కానీ ఆ రోజునుంచి ఈ రోజుదాకా ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు. ఆ సినిమా మేము చూడలేదు. పాస్టరుగారి అబ్బాయి ఇంటికి వెళ్ళి తానే అంతా చెప్పేశాడు. ఆ ఆదివారం ప్రసంగం కొడుకుమీద కాలేదు. పేరు తెలియని ఒక యువకుడి ఆత్మశాంతికి ప్రార్థన జరిగింది, ఎవరికోసమో సంఘంలో ఎవరికీ అర్థం కాలేదు.

ఇక పోయిన నెలకు వస్తాను. ఊసలు తీసేసి నున్నటి రేకులు బిగించారు, పట్టుకోవడానికి వేలు దూరే సందు లేదు. మలుపులో పక్క తలుపు ఉండవలసినచోట గోడ కట్టి, పైన టైలు పలకలు అతికించి, పోస్టరు వేశారు. కిటికీ చోట ఒక యంత్రం ఉంది. అది కూతపెడుతుంది, దేన్నీ అడగదు. చేతిలో ఫోను వెలిగితే దానికి చాలు, దాన్ని పట్టుకున్నవాడు ఊపిరి పీలుస్తున్నాడా లేదా అన్నది దానికి అక్కర్లేదు. గేటు మావ లేడు, కిటికీలో ఆయనా లేడు. వరుసలో నిలబడిన పిల్లలకు మనకున్నంత ప్రేమే ఉంది, మనకున్నంత గొంతే ఉంది. ఒక్క భయమే లేదు. ఆ భయాన్ని మూఢనమ్మకమని వెక్కిరించిన నేను, అది ఒక తలుపనీ, దాన్ని కూడా గోడకట్టి మూసేశారనీ ఆలస్యంగా గ్రహించాను.

నా వెనుకనున్న కుర్రాడు మళ్ళీ జరగమన్నాడు. "మనిషున్నాడు తమ్ముడూ" అన్నాను. నవ్వాడు. నా భుజంమీంచి ముందుకు చూశాడు. ఏం చూశాడో నేను అడగలేదు. నవ్వు ఆపి, తానూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆట అయ్యాక మేనేజరును కలిసి, ఆ గోడ తీయించి తలుపు పెట్టించమని అడిగాను. చూద్దాం సార్ అన్నారు. వచ్చే నెల ఇంకో పాత సినిమా వేస్తారట. ఒక్కడు అడిగితే అది చాదస్తం, పదిమంది అడిగితే అది ప్రశ్న అవుతుంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఊరి హాలుకు వెళ్ళండి. సొరంగం మధ్యలో తలుపు ఉందో లేదో చూడండి, ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి, లేకుంటే పెట్టేదాకా అడుగుతూనే ఉండండి. ఆ తరువాత మీ పిల్లలతోపాటు వరుసలో నిలబడి, మీ ముందు ఒక మనిషి చోటు వదలండి. అది ఖాళీయా కాదా అన్న వాదన ఎప్పటికైనా తేల్చుకుందాం. వెనుకనుంచి ఎవరైనా జరగమంటే మాత్రం, దయచేసి జరగకండి.