యూసుఫ్ భాయి చూడని తాబేళ్లు

సిద్దిపేట అంగడిలో ఎండుచేపల బుట్టల పక్కకు రాగానే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. ఆ ఉప్పు వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అండమాన్ తీరంలో ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని నడిచే యూసుఫ్ భాయి కనిపిస్తారు. నంగునూరు, కోహెడ రైతులనూ రిటైరైన పంతుళ్లనూ పోగుచేసి ఏటా దీవులు చూపించుకొచ్చే వ్యాపారం ఆయనది. మనవాళ్లు సముద్రాన్నైనా వదులుకుంటారు గానీ పప్పుచారు వదులుకోరు కనుక, వెంట వంటమనిషి తప్పనిసరి. ఆ వంటమనిషిని నేనే.

చెరువు తాబేళ్లు తప్ప ఎరగని నాకు సముద్రపు తాబేళ్ల సంగతి చెప్పింది ఆయనే. తల్లి తాను పుట్టిన ఒడ్డుకే వచ్చి, ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లిపోతుందట. రెండు నెలలకు పిల్లలు వాటంతట అవే పైకొచ్చి నీళ్లవైపు నడుస్తాయట. మా వాళ్లెవరైనా ఆ ఇసుకలో కుర్చీలు వేయబోతే భాయి ఊరుకునేవారు కాదు. "కాన్పుకు తల్లిగారింటికొచ్చిన బిడ్డ జాగ గిది. మనం చుట్టాలం, సప్పుడు జేయకుంట జూసి పోవాలె" అనేవారు. ఇన్నేళ్లు తిరిగినా పిల్లలు సముద్రంలోకి పోవడం మాత్రం ఆయన కంటపడలేదు. ఎప్పుడు వెళ్లినా రెండు రోజులు ముందో వెనకో అయ్యేది.

ఒక ఏడు అక్కడి కావలివాడు, చుట్టూ కర్రలు పాతిన గుంటొకటి చూపించి, రేపు తెల్లారేసరికి పిల్లలు వస్తాయన్నాడు. భాయి ముఖం వెలిగిపోయింది. అందరినీ బతిమాలి ప్రయాణం ఒకరోజు పెంచారు, ఆ సంబరంలో మటన్ వండమన్నారు. తిన్నాక ఎముకలు, అన్నం మిగిలాయి. మా ఊళ్లో దావతు అయ్యాక ఎంగిళ్లు ఎక్కడపడితే అక్కడ పారబోయం, గుంట తీసి పూడుస్తాం. నేనూ అలాగే చెట్ల మొదట్లో ఇసుక తవ్వి పూడ్చాను. శుభ్రంగా చేశానని మురిసిపోయాను కూడా. కర్రలు పాతిన చోటు అక్కడికి పది అడుగులైనా లేదు.

పొద్దున వెళ్లేసరికి కుక్కలు రెండు గుంటలూ తోడేశాయి. ఎముకల మధ్య తెల్లటి పెంకులు, వాటిలోంచి సగం బయటికొచ్చి ఆగిపోయిన చిన్న చిన్న తలలు. ఇక్కడ తిండి పూడ్చిందెవరని కావలివాడు గద్దించాడు. నేను నోరు తెరిచేలోపే భాయి ముందుకెళ్లి, తానే పూడ్చమన్నానని చెప్పేశారు. అప్పటి నుంచి ఆయన్ని ఆ తీరంలో అడుగు పెట్టనివ్వలేదు.

తిరుగు పడవలో, "నన్ను తిట్టు భాయ్" అన్నాను.

"తిడితే నీ గుండె బరువు అల్కగైతది మల్లేశం. నేను తిట్ట" అన్నారు. అరిచి ఉంటే ఎంత బాగుండేదో.

నాలుగేళ్ల కిందట ఆయన కిడ్నీలు పాడై దవాఖానలో పడ్డారు. ఒకరోజు ఉన్నట్టుండి, "గా పిల్లలు నడుస్తుంటే ఇసుకల సప్పుడైతదా?" అని అడిగారు. నేనూ ఎన్నడూ చూడలేదు. అయినా, "అయితది భాయ్, సన్నగ" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని తలూపారు. వారం తిరగకుండానే పోయారు. ఆయనతో ఆడిన అబద్ధం అదొక్కటే.

ఇప్పుడు టూర్లు నేనే నడుపుతున్నాను. ఎంగిలి మెతుకు కూడా డబ్బాల్లో పడవెక్కి వెనక్కి రావాల్సిందే. కావలివాడికి నిజం చెప్పి కాళ్లావేళ్లా పడితే మళ్లీ ఆ తీరానికి రానిచ్చాడు. పోయినసారి తెల్లవారుతుండగా పిల్లలు బయటికొచ్చాయి. కోహెడ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నా చేయి పట్టి, "నువ్వు గూడ రా బిడ్డా, ఎంత ముద్దుగ పోతున్నయో" అని లాగింది.

"మీరు జూడున్రి అవ్వా" అన్నాను. భాయి చూడకుండా పోయినదాన్ని చూసే ముఖం నాకు లేదు. అందరూ పిల్లల వెనక నెమ్మదిగా నీళ్లవైపు కదిలారు. నేను సముద్రానికి వీపు పెట్టి, కర్ర పట్టుకుని, కుక్కలొచ్చే దారికి అడ్డంగా నిలబడ్డాను.