మొన లేని పెన్సిల్

మదనపల్లెలో క్యాసెట్లు రికార్డు చేసే ఆయన చెవిమీద ఎప్పుడూ మొన లేని పెన్సిల్ ఒకటి ఉండేది. తొంభైల్లో మా ఊరు సోమల కోలాటం పాటలు పాడటానికి వెళ్ళినప్పుడు, అది ఎందుకో తెలిసింది.

నేను "సూడు సూడు" అని ఎత్తుకున్నప్పుడల్లా స్పీకర్లో ఆ "సూ" పాము బుసలా చెవిని కోసింది. సిగ్గుతో, "చూడు అని పాడతాలేప్పా" అన్నాను.

"యాలమ్మా? మీ ఊర్లో పాడేది అట్లనే గదా. మాటలో తప్పు లేదు, నోటి గాలి తిన్నగా మైకుకు కొడతాండాది. ఇది అడ్డముంటే గాలి చీలి పక్కలకు పోతాది," అంటూ ఆయన ఆ పెన్సిల్‌ను మైకు ముందు నిలువుగా రబ్బరుబ్యాండుతో కట్టాడు.

మళ్ళీ పాడాను. టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. బుస పోయింది, మా ఊరి "సూడు" మాత్రం అట్లాగే ఉంది. "ఇంగొక్కసారి ఎయ్యప్పా" అని నాలుగుసార్లు అడిగాను. ఐదోసారి అడగకముందే ఆయనే వేశాడు. బల్ల కింద ఆయన కాలు కోలాటం అడుగు వేస్తోంది.