నాకిచ్చిన కుట్టుమిషన్

నడవలేని ఆడపిల్లకు కూర్చుని చేసే పని చూపించాలి. కూర్చుని చేసే పని అంటే కుట్టుపని. కాబట్టి అలాంటి పిల్ల కనిపిస్తే చాలు, కుట్టుమిషన్ ఇవ్వాలి. ఈ తెలివి ఎవరికి పుట్టిందో తెలియదు గాని, మా నల్లగొండ వైపు పెద్దమనుషులందరికీ ఇది నోటికొచ్చు. మిషన్ తొక్కాలంటే కాళ్లు కావాలన్న సంగతి మాత్రం ఒక్కరికీ తట్టదు.

నాకు చిన్నప్పుడే రెండు కాళ్లూ మోకాళ్ల కింద చచ్చుబడ్డాయి. చంకకర్రలతో నడుస్తాను. కేతేపల్లి దగ్గర మా ఊళ్లో బడి ఇంటికి దగ్గరే కాబట్టి నా చదువుకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇంటర్‌కు బాపు రోజూ బండి మీద దింపి వచ్చేవాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఇంటర్ పాసయ్యాను. నల్లగొండలో డిగ్రీ సీటు వచ్చింది. హాస్టల్లో నాకు కింది గదే ఇస్తామని వార్డెనమ్మ ఫోన్లో చెప్పింది. కింది గది అన్న మాటకు నేనెంత మురిసిపోయానో మెట్లెక్కగలిగేవాళ్లకు అర్థం కాదు.

కాలేజీలో చేరడానికి ఆఖరి రోజు. సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని పొద్దున్నే తయారయ్యాను. అప్పుడే మా దగ్గరి నాయకుడి మనిషి ఒకడు వచ్చాడు.

"ఇయ్యాల సభ ఉన్నదే. నీ బిడ్డకు కుట్టుమిషన్ ఇస్తున్నరు, జల్ది తోల్కరా," అన్నాడు బాపుతో.

"బాపూ, ఇయ్యాల పోకుంటే సీటు పోతది," అన్నాను.

"గంత పెద్దమనిషి పిలిస్తే పోకుంటే ఏం బాగుంటది బిడ్డా? జరసేపు కూసోని, గటు కెల్లి గటే నల్లగొండ పోదాం," అన్నాడు బాపు.

జరసేపట! షామియానా కింద కూర్చున్నాం. పొద్దు నెత్తిమీదికి వచ్చింది, వాలింది, నాయకుడు మాత్రం రాలేదు. ఆయన వచ్చాక శాలువాలు, ఉపన్యాసాలు. చివరికి ఇద్దరు నన్ను ఎత్తి వేదిక మీద మిషన్ ముందు కూర్చోబెట్టారు.

"జర తొక్కు చెల్లే, కుట్టినట్టే ఉండాలె," అన్నాడు ఫోటోలు తీసేవాడు.

నా కాళ్ల వైపు చూపించాను. అతను కాసేపు ఆలోచించి, "అయితే చక్రం మీద చెయ్యి పెట్టి నవ్వు," అన్నాడు. నవ్వాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మేం నల్లగొండ చేరేసరికి కాలేజీ గేటుకు తాళం వేసి ఉంది. మర్నాడు బాపు మళ్లీ వెళ్లి, కనిపించిన ప్రతి ఒక్కరికీ దండం పెట్టాడు. సీటు పోయిందన్నారు.

మిషన్‌కు మోటారు బిగిస్తే తొక్కే పని ఉండదని ఎవరో చెబితే బాపు సూర్యాపేట దాకా పోయి అడిగి వచ్చాడు. ఆ మోటారు కూడా కింద కాలితో నొక్కితేనే తిరుగుతుందట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా పేరు మీద వచ్చిన ఆ మిషన్ చివరికి మా వదినకు దక్కింది. చురుకైన మనిషి, తొందరగానే పని నేర్చుకుంది. రెండు వీధుల అవతలి నుంచి కూడా ఆడవాళ్లు జాకెట్లు తెచ్చివ్వడం మొదలుపెట్టారు. నేను పక్కన కూర్చుని హుక్కులు, కాజాలు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను. వదిన మంచిదే. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా వీలు లేకుండా చేసింది.

మరుసటి ఏడాది కాలేజీలో మళ్లీ చేర్చుకుంటున్నారని తెలిసింది. రాత్రంతా మాటలు కూడబెట్టుకుని పొద్దున్నే బాపును అడిగాను.

బాపు కాసేపు నసిగాడు. "లగ్గాల దినాలు బిడ్డా. ఇంట్ల గింత పని ఉన్నది. నువ్వు పోతే మీ వదిన ఒక్కతి ఏం జేస్తది?"

ఇక ఆగలేకపోయాను. "అప్పుడేమో ఏ పనీ చాతగానిదని మిషన్ ఇస్తే తీస్కపోతివి. ఇప్పుడేమో పనికొస్తున్నని ఆపుతున్నవ్. నేనెప్పుడు పోవాలె బాపూ?"

పక్క గదిలో మిషన్ చప్పుడు ఆగిపోయింది.

"అన్నం తిన్నవా బిడ్డా?" అన్నాడు బాపు.